గడప ముందు నల్లరాయి

జరిగిన అన్యాయాలను ముందుగా తేదీల వారీగా నమోదు చేస్తున్నాను. ఇవన్నీ నా పని డైరీల నుంచి ఎత్తి రాసినవి. డైరీలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. అడిగినవారికి చూపగలను.

1988 ఫిబ్రవరి 9: మతి క్షీణించిన వృద్ధుల వార్డులో మరుగుదొడ్ల ద్వారం ముందు, బయటి గడప ముందు రెండడుగుల వెడల్పున మెరుగుపెట్టిన నల్లరాయి పట్టీ వేశారు. వేయించినవాడిని నేనే. మొదటి తప్పు నాది కనుక మొదట రాస్తున్నాను.

1988 మార్చి 21: ఆ రాయిని ముసలివాళ్లు దాటలేకపోతున్నారని ఆయా రూతమ్మ వచ్చి చెప్పింది. నేను నవ్వాను.

1989 జూన్ 14: మేము తీసివేసిన ఆ రాయిని, నేను ఊళ్లో లేని సమయం చూసి తిరిగి వేయించారు.

1989 జూన్ 16: గేటు పక్కన నేను బిగించిన ఇత్తడి బిళ్ళ బోర్డును ఊడబీకారు.

1989 జూన్ 19: ఓదెలు అనే వృద్ధుడిని మంచానికి కట్టివేశారు.

1989 జూలై 8: నేను తిరిగివచ్చి కట్లు విప్పాను. అప్పటికి ఇరవై రోజులు.

1989 జూలై 10, ఆగస్టు 11, అక్టోబరు 3: కారణం తెలుపవలసిందిగా వార్డు నడిపే ట్రస్టుకు మూడు లేఖలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు.

1996 జనవరి 22: అదే ట్రస్టు కట్టబోయే కొత్త వార్డు నక్షా సలహా కోసం నా చేతికి వచ్చింది. అందులో మరుగుదొడ్ల ద్వారం ముందు నల్లరాయి పట్టీ గీసి ఉంది.

ఈ చివరి సంగతి చూసిన రోజు నేను మధ్యాహ్నం భోజనం చేయలేదు. నక్షాను బల్ల మీద పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, ఆ పట్టీ వైపే చూస్తూ కూర్చున్నాను. ఒక మనిషి కాళ్లు పోయిన తర్వాత కూడా ఆ గీత చెరగలేదా అన్నదే నా ప్రశ్న. ఇకముందు ఇటువంటి వార్డులకు నక్షాలు గీయబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా ఉద్యోగం ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు వెళ్లిందో ఇందులో ఉండదు. దాని వల్ల మీకు ఉపయోగం లేదు.

మంచంలో పడుకుని చూడడం

1969లో బెల్లంపల్లి దగ్గర కట్టడాల ఓవర్సీయరుగా పనిలో చేరాను. కార్మికుల క్వార్టర్లు, గనుల దగ్గర కార్మికులకు దీపాలు ఇచ్చే దీపాల గదులు, చిన్న దవాఖానాలు కట్టించాను. మా ఇంజనీరు మెట్‌పల్లి వైపు మనిషి. అందరూ పెద్దసారు అనేవారు. నేను కట్టించిన మొదటి దవాఖానా గదిని చూడడానికి వచ్చి, ఆయన నన్ను గచ్చు మీద వెల్లకిలా పడుకోమన్నాడు. మేస్త్రీలు చూస్తుండగా పడుకున్నాను.

"ఏం కనబడ్తుంది?" అన్నాడు.

"కప్పు సార్."

"ఇంకేం కనబడ్తుంది?"

"ఇంకేం లేదు సార్."

"మరి రోగం ఒచ్చినోడు నెల దినాలు నీ కప్పునే సూసుకుంట పండాల్నా? కిటికీ దించు. గీతలు తర్వాత గీయొచ్చు, ముందుగాల గాడ పండి సూడు."

ఆ ఒక్క మాటకు నేను జీవితాంతం ఆయనకు రుణపడి ఉన్నాను. అయితే ఆయన గొప్పవాడని మీరు అనుకోకూడదు. పదేళ్లు తన కింద పనిచేసిన మేస్త్రీల పేర్లు కూడా ఆయనకు తెలియవు. రోగి కంటితో చూడమన్న మనిషి కూలీ ముఖం వైపు ఒక్కనాడూ చూడలేదు. నేర్పినవారిలో ఏది తీసుకోవాలో, ఏది వదలాలో మీరే తేల్చుకోవాలి.

నేను కట్టిన వార్డు

1987లో, బొగ్గు గనుల ఊళ్లలో ఒకచోట, ఒక ట్రస్టు మతి క్షీణించిన వృద్ధుల కోసం వార్డు కట్టాలని సంకల్పించింది. ఊరి పేరు, ట్రస్టు పేరు ఇక్కడ రాయను. గుర్తుపట్టవలసినవారు గుర్తుపడతారు. అప్పట్లో మా ప్రాంతంలో ఆ జబ్బును జబ్బు అనేవారే తక్కువ. "మతి తప్పింది", "పిల్లగాని లెక్క అయిండు" అనేవారు. అటువంటి వార్డును నేను అంతకుముందు చూడలేదు. చూసినవారు కూడా ఎవరూ దొరకలేదు.

కాబట్టి నాకు తెలిసిందే కట్టాను. సగం దవాఖానా, సగం బడిపిల్లల హాస్టలు. తిన్నని పొడవైన వరండా, దాని చివర తాళం వేసిన గేటు. తలుపులన్నింటికీ ఒకే ఆకుపచ్చ రంగు. కరీంనగర్ వైపు రాతి గని ఉన్న ఒక దాత అద్దంలా మెరిసే నల్లరాయి పంపాడు. దాన్ని రెండు ద్వారాల ముందు పట్టీగా వేయించి, బయటి గడప దగ్గరి దాని మీద ఆయన పేరు చెక్కించాను. ప్రారంభం నాడు వచ్చిన పెద్దలందరూ ఆ రాయిలో తమ ముఖాలు చూసుకుని మెచ్చుకున్నారు. నేనూ చూసుకున్నాను.

"గాడ బొంద ఉన్నదంట"

రూతమ్మ ఆ వార్డు ఆయా. మిషన్ సంఘంలో పెరిగిన మనిషి. నోరు పెద్దది, చేయి మెత్తనిది. మార్చి నెలలో ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "సారూ, తాతలు అవ్వలు దొడ్డికి పోతలేరు" అంది.

"ఎందుకు పోతలేరు?"

"గాడ బొంద ఉన్నదంట."

"బొంద ఏడున్నది? రాయి అద్దం లెక్క ఉంటే!"

"అద్దం లెక్క ఉన్నదనే సారూ నేను గూడ చెప్పేది."

నేను నవ్వాను. డైరీలో 'ఆయా భయం' అని ఒక్క మాట రాసుకున్నాను. ఆ మాట ఇప్పటికీ నా దస్తూరీలో అక్కడే ఉంది.

ఆమె వదలలేదు. నన్ను వరండాలోకి తీసుకుపోయి, "జర కళ్ళద్దాలు తియ్యుండ్రి. చెప్పులు ఇడువుండ్రి. ఇగ నడువుండ్రి" అంది. అద్దాలు లేకుండా నాకు నాలుగడుగుల దూరం మసక. నడిచాను. రాయి దగ్గరికి రాగానే నా కాలు తనంతట తానే ఆగిపోయింది. కిటికీ వెలుతురు ఆ నలుపులో లోతుగా కదులుతోంది. రూతమ్మ చెప్పిన బొంద అదే, చేదబావి నోరులా ఉంది. అక్కడ రాయి ఉందని తెలిసిన నేనే ఆగిపోయాను.

"ఇగ సూడుండ్రి మా ఓదెలు తాతను" అంది రూతమ్మ.

ఓదెలు ముప్పై ఏళ్లకు పైగా గనిలో దిగిన కార్మికుడు. కొడుకు పేరు మరచిపోయాడు. పొద్దున తిన్నాడో లేదో చెప్పలేడు. ఆయన రాయి అంచుకు వచ్చి కూర్చుని, కాలి వేలితో లోతు చూశాడు. తర్వాత లేచి, చేతికర్రతో పై కప్పును రెండుచోట్ల తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. గనిలో కప్పు గట్టిగా ఉందో, ఊడిపడేలా ఉందో తెలుసుకోవడానికి అలాగే తట్టి చూస్తారు. నా నెత్తిన టోపీ చూసి నన్ను గని అధికారి అనుకున్నాడు కాబోలు.

"కప్పు మంచిగనే ఉన్నది సారూ. కిందనే నీళ్ళు వట్టినయి. పిల్లగాండ్లను దింపకుండ్రి" అని చెప్పి, అక్కడే గోడవారగా బట్టలు తడుపుకున్నాడు. తడిసిన సంగతి తెలిసి, తల వంచుకుని నిలబడ్డాడు.

నేను వార్డు పుస్తకం తెప్పించి చదివాను. 'మాట వినడు. కావాలని తడుపుతాడు. మొండి.' ఓదెలు పేరు కింద అదే, పోశవ్వ అనే వృద్ధురాలి పేరు కింద అదే. ఆరు వారాల పాటు ఆ మనుషులు తిట్లు, గద్దింపులు పడింది నా రాయి వల్ల. ఇన్నేళ్లలో నేను కట్టిన గోడలు కూలలేదు, కప్పులు కారలేదు. ఇక్కడ ఏమీ కూలకుండానే మనుషుల పరువు కూల్చాను.

మరునాడే ఇద్దరు మేస్త్రీలను పెట్టి రెండు ద్వారాల ముందూ రాయి తీయించాను. వరండాలో ఉన్నటువంటి గరుకు బండలనే గది లోపలి దాకా, మధ్యలో రంగు మారకుండా పరిపించాను. మరుగుదొడ్డి తలుపుకు ఒక్కదానికే పసుపు రంగు వేయించాను. మిగిలిన తలుపుల్లో వాళ్లకు పనిలేనివాటికి గోడ రంగే వేయించాను. పసుపు తలుపును పగలంతా తెరిచి ఉంచమన్నాను. ఈ జబ్బు ఉన్నవారికి కనబడినది ఉన్నట్టు, కనబడనిది లేనట్టు. ఈ మాట మీ గోడ మీద రాసి పెట్టుకోండి.

బండలు ఆరిన రోజు నేను వరండా చివర నిలబడ్డాను. ఓదెలు వచ్చాడు, ఆగాడు, కాలి వేలు పెట్టి చూశాడు, లోపలికి వెళ్లాడు. రూతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూడా ఆగలేక, "పోయిండు సారూ! ఒక్కడే పోయిండు!" అని అరిచింది. లోపలి నుంచి ఓదెలు, "ఎవ్వలదమ్మా గా లొల్లి? మనిషిని కూసోనియ్యరా?" అన్నాడు.

ఆ తర్వాత ఒక్కొక్కటే సరిచేసుకుంటూ వచ్చాం. చేతులు కడిగే చోట ఉన్న పెద్ద అద్దంలో తనను చూసి పోశవ్వ రోజూ తగువు పడేది. "గీ ముసల్ది ఎవ్వలే? పొద్దుగాల సంది నా ఇంట్లనే తిరుగుతుంది, ఒక్క పని ముట్టది!" అనేది. అద్దం తీయించాను. తగువు ఆగిపోయింది. అంతకాలం ఆమెను గయ్యాళి అన్న వాళ్లలో నేనూ ఒకణ్ణి.

నూట డెబ్బై మూడు

మిగిలింది గేటు. ఓదెలు రోజూ దాన్ని పట్టుకుని ఊపేవాడు. కాపలాదారు ఈడ్చుకొచ్చేవాడు, ఈయన మళ్లీ వెళ్లేవాడు. అన్నం ముట్టేవాడు కాదు. డాక్టరు మందు పెంచుదామన్నాడు. నేను మూడు రోజులు గడువు అడిగి, గేటు దగ్గర కుర్చీ వేసుకుని, ఆయన వచ్చిన ప్రతిసారీ టైము రాశాను.

మూడు రోజుల కాగితం పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడింది. గని సైరన్ మోగినప్పుడే వస్తున్నాడు. షిఫ్టు ముగిసే సైరన్‌కు వచ్చినప్పుడు కుడి అరచేయి ముందుకు చాపి నిలబడుతున్నాడు. అడుక్కుంటున్నాడని కాపలాదారు అనుకున్నాడు.

దీపాల గదులు కట్టినవాణ్ణి, నాకు ముందే తట్టవలసింది. గనిలో దిగే ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దిగేటప్పుడు దీపంతో పాటు తీసుకుంటాడు. పైకి వచ్చాక తిరిగి ఇస్తాడు. బోర్డు మీద ఒక కొక్కెం ఖాళీగా ఉన్నదంటే, ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. అతని కోసం వెతుకుతారు. బిళ్ళ అప్పగించనిదే ఎవడూ ఇంటికి పోడు.

రూతమ్మకు చెప్పాను. "అయ్యో, మరి బిళ్ళ ఇయ్యంది బువ్వ ఎట్ల తింటడు సారూ?" అంది వెంటనే. ఆమె తండ్రి కూడా గనిలో దిగినవాడే.

వడ్రంగితో ఒక చెక్క బోర్డు చేయించి, కొక్కేలు కొట్టించి, గేటు పక్కన లోపలివైపు బిగించాను. ఇత్తడి ముక్క కోయించాను. నంబరు ఎంత అని అడిగితే, కొడుకు పేరు చెప్పలేని మనిషి తడుముకోకుండా "నూట డెబ్బై మూడు" అన్నాడు.

ఆ సాయంత్రం సైరన్ మోగింది. ఓదెలు వచ్చి బిళ్ళను కొక్కేనికి తగిలించాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు.

"అందరొచ్చిండ్లా సారూ?"

"అందరొచ్చిండ్లు ఓదెలూ."

"నా లెక్క రాసిండ్లా?"

"రాసినం."

"ఇగ ఫికర్ లేదు" అని, భుజం మీది తువ్వాల దులుపుకుని వచ్చి అన్నానికి కూర్చున్నాడు. పెంచుదామన్న మందు పెంచలేదు. ఏడాదికి పైగా ఆ గేటును ఆయన మళ్లీ ఊపలేదు. దీన్ని కొందరు దయ అన్నారు. నాకు ఆ మాట నచ్చదు. నేను టైము రాసి, మనిషిని చదివి, ఒక చెక్క బిగించాను. అది పని. దయ కలిగిన రోజు చేసి, కలగని రోజు మానేసేది కాదు.

కట్లు

1989 జూన్‌లో వేరే కట్టడం మీద ఆదిలాబాద్ వెళ్లాను. నెల రోజులు అక్కడే. తిరిగివచ్చి, జూలై 8న వార్డులో అడుగుపెడితే గడప ముందు, లోపల మరుగుదొడ్ల ముందు మళ్లీ నల్లరాయి మెరుస్తోంది. ముందు నా కళ్లనే నమ్మలేదు. వంగి చేత్తో తడిమి చూశాను. గేటు పక్క గోడ మీద నాలుగు మేకు రంధ్రాలు ఉన్నాయి, బోర్డు లేదు.

ఓదెలు మంచం మీద ఉన్నాడు. పాత ధోవతి చించి, రెండు మణికట్లకూ, రెండు చీలమండలకూ ముడులు వేసి ఉన్నాయి. కుడి పిడికిలి బిగించి ఉంది.

రూతమ్మ ఏడుస్తూ చెప్పింది. "దాత వస్తుండని రాయి మల్ల వేసిండ్లు సారూ. బోర్డు బాగలేదని పీకేసిండ్లు. తాత పరేషాన్ అయి గేటు ఊపిండు. దొడ్డికి పోనన్నడు. అందరి మీద పడుతుండని కట్టేసిండ్లు. నేనొద్దన్న. నా నౌకరి తీసేస్తమన్నరు. బిళ్ళనన్న ఇడిపించుకొని ఆయన చేతుల వెట్టిన."

కట్లు నేనే విప్పాను. ముడులు ఎండి బిగిశాయి, కోయవలసివచ్చింది. ఓదెలు మోకాళ్లు మడతలోనే బిగుసుకుపోయి ఉన్నాయి. చాపబోతే కేక వేశాడు.

నేరుగా ట్రస్టు కార్యదర్శి గదికి వెళ్లాను. ఆయన పెద్ద భూస్వామి కుటుంబం మనిషి, చదువుకున్నవాడు. మాట తీరు మాత్రం ఇది:

"ఏందయ్యా ఓవర్సీరూ, గా రాయి మీద దాత పేరున్నది. నన్నడగకుండ ఎట్ల పీకినవ్?"

"అడగకపోవుడు నా తప్పే సార్. కాని గా పేరు సదివేటోడు వార్డుల ఒక్కడు లేడు."

"మతి పోయినోళ్ళకు నక్షాలేందయ్యా! గోడేందో దర్వాజేందో వాళ్ళకు ఎర్కనా?"

"ఎర్క లేదు గనుకనే సార్, దర్వాజ దర్వాజ లెక్క కనబడాలె."

ఆయన నవ్వాడు. పక్కనున్నవారితో, "సూసిండ్లా, మనోనికి గూడ జర తప్పినట్టుంది" అన్నాడు. వాళ్లూ నవ్వారు. ఒకప్పుడు రూతమ్మ మాటకు నేను నవ్విన నవ్వు అదే. అందుకే ఆ గదిలో నాకు కోపం కంటే ముందు సిగ్గు కలిగింది.

కట్టివేయమని చెప్పింది ఎవరో తెలుసుకుందామని వార్డు పుస్తకం అడిగాను. ఆ ఇరవై రోజుల పుటలు పుస్తకంలో లేవు.

రాయిని మళ్లీ తీయనివ్వలేదు. దాని మీద గోనెపట్టా పరిచి సర్దుకున్నాం. ఓదెలు ఆ తర్వాత నడవలేదు. సైరన్ మోగినప్పుడల్లా పిడికిలి విప్పి బిళ్ళ చూసుకునేవాడు. ఒక సాయంత్రం నేను పక్కన కూర్చుని ఉండగా అడిగాడు.

"బోర్డు ఏడ వెట్టిండ్లు సారూ?"

"చూస్తున్నం ఓదెలూ."

"మరి నా బిళ్ళ గీడనే ఉన్నదాయె. అంటే నేనింక కిందనే ఉన్ననా?"

పైకి వచ్చావని నేను అబద్ధం ఆడగలిగేవాణ్ణే. కానీ చేతిలో బిళ్ళ ఉండగా ఆయన అది నమ్మేవాడు కాదు. 1990 ఫిబ్రవరిలో పోయాడు. మర్నాడు రూతమ్మ ఆ బిళ్ళ తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లింది.

ట్రస్టు కార్యవర్గానికి

అయ్యలారా,

పైన రాసిన వాటిలో మొదటి రెండు తప్పులకు బాధ్యత నాది. అందుకు లిఖితపూర్వకంగా ఇందుమూలంగా క్షమాపణ చెబుతున్నాను. మిగిలినవాటికి మీ నుంచి లిఖితపూర్వకమైన జవాబు కోరుతున్నాను.

1989 జూన్ 19న ఓదెలును మంచానికి కట్టివేయమని ఆదేశించినవారి పేరు, హోదా తెలుపవలెను. ఆ ఇరవై రోజుల వార్డు పుస్తకం పుటలు ఎవరి అధీనంలో ఉన్నాయో తెలుపవలెను. రాయిని తిరిగి వేయించే ముందు, వార్డులో పనిచేసేవారిలో ఒక్కరినైనా అడిగారా, అడిగితే ఎవరిని, అన్నది తెలుపవలెను. నా మూడు లేఖలు అందినవా లేవా, అందితే ఎందుకు జవాబు ఇవ్వలేదో తెలుపవలెను. కొత్త వార్డు నక్షాలోని నల్లరాయి పట్టీని తొలగిస్తారా లేదా అన్నది గచ్చు పని మొదలుపెట్టకముందే తెలుపవలెను. దాత పేరు గోడ మీద చెక్కించుకోవచ్చును. గోడ మీద ఎవరూ నడవరు.

నోటిమాటగా పంపే జవాబును జవాబుగా స్వీకరించను. ఈ లేఖ అందిన ముప్పై రోజుల లోపల సంతకంతో కూడిన ఉత్తరం రానిచో, దీని ప్రతిని, నా డైరీల ప్రతులతో సహా, కొత్త వార్డులో చేరబోయే ప్రతి వృద్ధుడి కుటుంబానికీ నేనే స్వయంగా అందజేస్తాను.

చివరగా, గేటు పక్క నుంచి ఊడబీకిన చెక్క బోర్డు ఇప్పుడు ఎక్కడ ఉన్నదో తెలుపవలెను. నూట డెబ్బై మూడో నంబరు బిళ్ళ నా దగ్గర ఉంది. చోటు తెలిపిన రోజున నేనే వచ్చి, దాని కొక్కేనికి తగిలించి, లెక్క రాసి వెళ్తాను.